పాత ఓవర్ అండ్ అండర్‌ని ట్రాప్‌కి సిద్ధం చేసిన పని డైరీ

బల్ల మీద ఉన్నది 12 బోర్ ఓవర్ అండ్ అండర్, అంటే రెండు బ్యారెళ్లు ఒకదానిపై ఒకటి ఉండే షాట్‌గన్. బ్యారెళ్లు 76 సెం.మీ., ఛాంబర్లు (తూటా కూర్చునే చోటు) 70 మి.మీ., తిప్పి మార్చుకునే చోక్‌లు (మూతి దగ్గర బోర్‌ని ఇరుకు చేసే గొట్టాలు), ఒకే ట్రిగ్గర్, ఎజెక్టర్లు (పేలిన కేసుని బయటికి విసిరేవి), బరువు 3.5 కిలోలు. ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉండిపోయింది. దీన్ని ట్రాప్ (గాల్లోకి విసిరే క్లే బిళ్లల్ని కొట్టే ఆట) ఆడేవాళ్లు నమ్మి భుజానికెత్తుకునేలా చెయ్యాలి. పనికి పెట్టుకున్న నియమం ఒకటే: ముందు కొలత, తర్వాతే చెయ్యి వెయ్యడం. అదీ ఒకసారికి ఒకే మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో ఇక ఎప్పటికీ తెలీదు.

1వ రోజు: ఏదీ విప్పకముందు

బ్యారెళ్లని కీలు దగ్గర వంచి మడత తెరిచి, రెండు ఛాంబర్లలోకీ కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీ అని ఖాయం చేసుకున్నాకే మిగతా పని. తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ ఇది మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సిందే.

ముందుగా కీలు అరుగుదల. ఫోర్ఎండ్ (బ్యారెళ్ల కింద ముందుచెయ్యి పట్టే చెక్క) తీసేసి చూడాలి. అది బిగించి ఉంటే దాని స్ప్రింగు బ్యారెళ్లని వెనక్కి నొక్కి పట్టి, ఉన్న వదులుని దాచేస్తుంది. ఫోర్ఎండ్ లేకుండా మడత మూసి, పిడి దగ్గర పట్టుకుని పక్కలకి ఊపితే చిన్న 'టిక్' కూడా రాకూడదు. ఇందులో రాలేదు. తర్వాత దీపం ముందు పట్టి, బ్యారెళ్ల వెనక అంచుకీ యాక్షన్ (ట్రిగ్గర్ పనిముట్లుండే లోహపు భాగం) ముఖానికీ మధ్య సందు చూశాం. వెలుగు గీత కనబడలేదు, పల్చని కాగితం ముక్క దూరలేదు. టాప్ లివర్ (మడత తెరిచే పైమీట) మూసినప్పుడు నడిమి గీతకి కొంచెం కుడివైపే ఆగింది. కొత్త తుపాకీల్లో అది కుడివైపు ఆగుతుంది, లాక్ బోల్టు అరిగేకొద్దీ ఎడమకి జరుగుతూ పోతుంది. గీత దాటి ఎడమకి వచ్చిన తుపాకీ బేరానికి వస్తే, మరమ్మతు ఖర్చుని ధరలోంచి తీసేసి మాట్లాడాలి.

కీలు ఎలాంటిదో తెలిస్తే ఈ పరీక్షలు ఇంకా బాగా అర్థమవుతాయి. జాన్ బ్రౌనింగ్ గీసిన సూపర్‌పోజ్డ్ (ఆయన 1926లో పోయాక కొడుకు వాల్ పూర్తి చేస్తే 1931లో బయటికొచ్చింది) కింది బ్యారెల్ అడుగున అడ్డంగా సాగే పొడుగు కీలు పిన్ను మీద తిరుగుతుంది. అందుకే యాక్షన్ లోతుగా ఉంటుంది. లండన్ బాస్ కంపెనీ 1909లో తెచ్చిన పద్ధతిలో బ్యారెళ్ల రెండు పక్కలా పొట్టి మొలకలు ఉంటాయి. యాక్షన్ పల్చగా వస్తుంది, చేతులు బ్యారెళ్లకి దగ్గరగా ఉంటాయి. మన బల్ల మీదున్నది ఈ రెండో రకం. ఈ మొలకలు చాలా తుపాకీల్లో మార్చుకోవచ్చు. అరిగితే ఒక సైజు పెద్దవి వేసి వదులు తీస్తారు, అది గన్‌స్మిత్ పని.

బ్యారెళ్లు విడదీసి, వెనక కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసి, చెక్కపుల్లతో తట్టాం. ఖంగుమని మోగి కాసేపు నిలిచింది. రిబ్ (బ్యారెళ్ల పొడవునా అతికిన పట్టీ) అతుకు ఎక్కడైనా ఊడితే పగిలిన కుండ తట్టినట్టు జీరచప్పుడు వస్తుంది. తర్వాత బ్యారెల్ని కిటికీ వెలుగు వైపు పెట్టి లోపలికి చూస్తూ నిదానంగా తిప్పాం. సొట్ట ఉంటే లోపలి వెలుగు వలయం అక్కడ వంకరపోతుంది. రెండూ శుభ్రం.

చివరగా ప్రూఫ్ ముద్రలు (తుపాకీని పరీక్షించాక కొట్టే గుర్తులు) చదివాం. బోర్ వ్యాసం 18.4, ఛాంబర్ 70. (ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్కటి సుమారు 18.5 మి.మీ. వస్తుంది. '12' అనే అంకె అక్కడిదే.) ఈ 70 అనే ముద్రని తేలిగ్గా తీసుకోకూడదు. తూటా మీద రాసే పొడవు, పేలాక నోరు విచ్చుకున్న కేసుది. మూతి మడిచి ఉన్నప్పుడు అది చాలా పొట్టి. అందుకే 76 మి.మీ. తూటా కూడా 70 ఛాంబర్లో హాయిగా దిగుతుంది, మడత కూడా మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం విచ్చుకోవాల్సిన మూతి ముందున్న ఇరుకు కోనులోకి (ఛాంబర్ సన్నబడి బోర్‌లో కలిసే చోటు) చొచ్చుకుని, సరుకు (తూటాలోని పెల్లెట్లు) పోయే దారికి అడ్డుపడి, ఒత్తిడి పెంచేస్తుంది. దిగింది కదా అని పేల్చకూడదు. అంతకంటే ఘోరమైనది 20 బోర్ తూటా 12 బోర్ సంచిలో కలవడం. అది ఛాంబర్ దాటి జారి ముందు ఇరుక్కుంటుంది, వెనకాల 12 బోర్ తూటా పట్టేస్తుంది. పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. 20 బోర్ కేసుల్ని పసుపు రంగులో చేసేది ఇందుకే. సంచిలో పసుపు తూటా ఒక్కటి కనబడినా సంచి మొత్తం బోర్లించి వెతకాలి.

2వ రోజు: మసి, ప్లాస్టిక్, జిడ్డు

బోర్‌లో పేరుకునేది మసి ఒక్కటే కాదు. వాడ్ (తూటాలో మందుకీ పెల్లెట్లకీ మధ్య ఉండే ముక్క) తాలూకు ప్లాస్టిక్ కరిగి కోను దగ్గరా చోక్ దగ్గరా పొరలా అంటుకుంటుంది, అక్కడక్కడ సీసం చారలు ఉంటాయి. సాల్వెంట్ పట్టించి 15 నిమిషాలు వదిలేశాం. తర్వాత 12 బోర్ కంచు బ్రష్ వెనక నుంచి ముందుకి, ఒక్కో బ్యారెల్‌కి 20 సార్లు. ఆపైన గుడ్డ. మొదటి గుడ్డకి బూడిదరంగు ప్లాస్టిక్ పొట్టు పలుకులుగా ఊడి వచ్చింది. ఏడో గుడ్డ తెల్లగా వచ్చింది.

ఛాంబర్లకి పెద్ద బ్రష్ వేరే ఉండాలి. అక్కడ తుప్పు చుక్కలుంటే పేలిన కేసు గోడకి పట్టేసి ఎజెక్టర్ మీద భారం పడుతుంది. ముతక ఉక్కుపీచుతో రుద్దితే ఛాంబర్ పాడవుతుంది, కంచు దాటి పోకూడదు.

నూనె విషయంలో పాత యజమానుల ప్రేమ ఎక్కువైంది. రీకాయిల్ ప్యాడ్ (భుజానికి ఆనే మెత్త) తీసి, లోపలి పొడుగు బోల్టు విప్పి స్టాక్ (వెనక చెక్క) ఊడదీస్తే, యాక్షన్‌కి ఆనుకునే చెక్క తల నల్లగా నానిపోయి ఉంది. తుపాకీని నిలువుగా, మూతి పైకి పెట్టి దాస్తే బ్యారెల్లో పోసిన నూనె ఏళ్లకేళ్లు కిందికి దిగి చెక్కలోకి ఇంకుతుంది. మెత్తబడిన చెక్క ప్రతి దెబ్బకీ కొంచెం నలిగి, చివరికి పిడి దగ్గర చీలుతుంది. గోరు గుచ్చి చూస్తే దిగలేదు, ఇంకా గట్టిగానే ఉంది. సుద్దపొడిని స్పిరిట్‌తో ముద్దలా కలిపి పూసి రాత్రంతా ఆరనిచ్చాం. తెల్లారేసరికి సుద్ద పసుపు తిరిగింది, నూనె పైకి లాగింది. ఇలా మూడుసార్లు చెయ్యాల్సి వచ్చింది. ఇకమీదట మూతి కిందికి పెట్టి దాచాలి. నూనె గుడ్డకి తడి తగిలినంతే చాలు. కీలు మొలకలకీ కొక్కేలకీ మాత్రం నూనె కాదు, బఠాణీ గింజంత గ్రీజు.

4వ రోజు: పట్టేసిన చోక్

కింది బ్యారెల్ చోక్ చేత్తోనే తిరిగింది. పై బ్యారెల్‌ది కదల్లేదు. బలం వాడితే తాళం గాడి విరుగుతుంది, లేదా మర పోతుంది. మూతి కిందికి పెట్టి, చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రంతా ఉంచాం. తెల్లారి సరైన తాళంతో మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. మూడో ప్రయత్నానికి కిర్రుమని వదిలింది. మరల్లో నల్లటి గట్టి మసి. బ్రష్ చేసి, చోక్ గ్రీజు పల్చగా రాసి, చివరిదాకా బిగించి పెట్టాం.

చోక్ లేకుండా పేల్చకూడదు, బ్యారెల్ మరలు దెబ్బతింటాయి. వదులు చోక్ కూడా ప్రమాదమే. దాని వెనక అంచు లేచి ఉంటే సరుకు దానికి తగిలి మూతి ఉబ్బిపోతుంది. ప్రతి 25 తూటాలకీ ఒకసారి మడత తెరిచి, ఖాళీ అని చూసుకుని, చోక్‌ని వేళ్లతో బిగించి చూడటం అలవాటు చేసుకోవాలి.

6వ రోజు: డమ్మీ తూటాలతో ట్రిగ్గర్, ఎజెక్టర్

ఈ తుపాకీది ఇనర్షియా ట్రిగ్గర్. మొదటి తూటా తన్నే తన్నుకి లోపలి బరువు కదిలి రెండో హామర్‌కి ట్రిగ్గర్‌ని జత చేస్తుంది. కాబట్టి డమ్మీలతో పరీక్షించేటప్పుడు మొదటిది నొక్కాక స్టాక్ అడుగుని అరచేత్తో గట్టిగా చరచాలి, అప్పుడే రెండోది పనిచేస్తుంది. రేంజిలో కూడా మొదటి తూటా పేలకపోతే రెండోది దానంతటది సిద్ధం కాదు. మెకానికల్ ట్రిగ్గర్‌కి ఈ ఇబ్బంది లేదు. ఇది లోపం కాదు, స్వభావం. తెలియనివాళ్లే ట్రిగ్గర్ చెడిపోయిందనుకుంటారు.

సెలెక్టర్ (ముందు ఏ బ్యారెల్ పేలాలో ఎంచే మీట) కింది బ్యారెల్ మీదే ఉంచాం. కింది బ్యారెల్ భుజానికి ఎక్కువ సూటిగా ఉంటుంది కాబట్టి మూతి తక్కువ ఎగురుతుంది, రెండో తూటాకి కన్ను త్వరగా కుదురుకుంటుంది.

ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు కొలిస్తే కింది బ్యారెల్‌కి 1.8 కిలోలు, పై బ్యారెల్‌కి 2.6. రెండోది బరువు ఎక్కువ. సియర్ (హామర్‌ని పట్టి ఉంచే కొక్కెం) అంచుని ఇంట్లో ఆకురాయితో గీకడం మాత్రం వద్దు. వెంట్రుకవాసి ఎక్కువ పోతే మడత మూసిన కుదుపుకే పేలే తుపాకీ తయారవుతుంది. అది గన్‌స్మిత్‌కి రాసిన చీటీలోకి వెళ్లింది. ఈ సందర్భంలో ఒక మాట: 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం పెరాజీ తెచ్చిన ఎంఎక్స్8 లో ట్రిగ్గర్ భాగం మొత్తం ఒక్క ముక్కగా బయటికి ఊడి వస్తుంది. స్ప్రింగు విరిగితే పోటీ మధ్యలోనే ఇంకో ట్రిగ్గర్ దించుకుని ఆట కొనసాగించవచ్చు. పోటీ తుపాకీకి అంతకంటే మేలైన ఆలోచన ఇంకోటి ఉందనిపించదు.

ఎజెక్టర్లు: పేలిన కేసుని విసరాలి, పేలని తూటాని కొంచెం ఎత్తి ఊరుకోవాలి. రెండు డమ్మీల మీదా ట్రిగ్గర్ నొక్కి మడత తెరిస్తే కిందిది రెండు మీటర్లు పోయింది, పైది కాళ్ల దగ్గరే పడింది. విరిగింది ఏమీ లేదు. స్ప్రింగు గాడిలో ఎండిన నూనె జిగురై పట్టుకుంది. కడిగి తుడిచి, ఒక్క చుక్క పల్చని నూనె వేసేసరికి రెండూ పక్కపక్కనే పడ్డాయి.

11వ రోజు: గన్‌స్మిత్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది

హామర్ స్ప్రింగులు రెండూ, ఫైరింగ్ పిన్నులు రెండూ కొత్తవి. పాత పై పిన్ను కొన భూతద్దంతో చూస్తే గుండ్రంగా కాక ఒకవైపు చదునుగా అరిగి ఉంది. ఇలాంటి కొన ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే భాగం) మీద లోతులేని గుంట పెడుతుంది, ఒక్కోసారి ప్రైమర్‌ని చీలుస్తుంది. స్ప్రింగులు ఎప్పుడూ జతగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండు బ్యారెళ్ల దెబ్బా రెండు రకాలుగా ఉంటుంది. ట్రిగ్గర్ బరువు ఇప్పుడు 1.7, 1.9.

12వ రోజు: చెంప, కన్ను

రైఫిల్‌కి వెనక సైటు ఉంటుంది. దీనికి వెనక సైటు మన కన్నే. అంటే చెంప చెక్క మీద ఎక్కడ ఆనుతుందో అక్కడే గురి తేలిపోతుంది. మెరిసే యాక్షన్ మీద, పువ్వుల చెక్కడం మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ కొలతల మీద పెడితే చాలామందికి క్లేలు పగులుతాయి.

కొలతలు: ట్రిగ్గర్ నుంచి ప్యాడ్ నడుమ దాకా 368 మి.మీ. రిబ్ గీత నుంచి కోంబ్ (స్టాక్ మీద చెంప ఆనే పై అంచు) ముందు భాగానికి 38, మడమకి (స్టాక్ వెనక పై కొన) 57. పక్కకి వంపు 3.

పరీక్ష: ఖాళీ తుపాకీ, అద్దం ముందు నిలబడి, కళ్లు మూసుకుని భుజానికి తెచ్చుకుని, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవడం. కన్ను రిబ్ నడిమిగా, కొంచెం పైనుంచి కనిపించాలి. పదిసార్లలో ఏడుసార్లు నల్లపాప టాప్ లివర్ వెనక సగం మునిగింది. కోంబ్ తక్కువ. ఎదురుగా ఇంకొకరు నిలబడి చూడకూడదు, ఖాళీ తుపాకీ అయినా సరే. అందుకే అద్దం.

దీనికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ కన్ను పెత్తనం చేస్తోందన్నది. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో దూరపు గుర్తుని అందులోంచి చూసి, ఒక్కో కన్నూ మూసి చూడాలి. కుడిభుజం వాళ్లకి ఎడమకన్ను పెత్తనం చేస్తే తూటాలన్నీ ఎడమకి పోతాయి. ఏ స్టాక్ కొలతా దాన్ని సరిచెయ్యదు. అద్దాల మీద ఎడమకంటి ఎదుట చిన్న మసక టేపు ముక్క అంటిస్తే చాలావరకు తీరుతుంది.

13వ రోజు: 15 మీటర్ల కాగితం

గట్టి చోక్ వేసి, కాగితం మీద గుర్తు పెట్టి, గురిచూడకుండా, చూపు గుర్తు మీద పెట్టి భుజానికి తెచ్చిన వెంటనే పేల్చడం. అలా ఐదు తూటాలు ఒకే కాగితం మీద. మధ్యభాగం గుర్తుకి 3 సెం.మీ. కింద పడింది.

లెక్క సులువు. కంటి నుంచి మూతికి దూరం ఇంచుమించు ఒక మీటరు. కన్ను 1 మి.మీ. లేస్తే, 15 మీటర్ల దగ్గర 15 మి.మీ. లేస్తుంది. 3 సెం.మీ. సరిచెయ్యాలంటే కోంబ్ 2 మి.మీ. ఎత్తాలి. ట్రాప్ క్లే ఎప్పుడూ పైకి లేస్తూ దూరం పోతుంటుంది కాబట్టి తూటా కొంచెం పైన పడితే మంచిది, క్లేని బ్యారెల్‌తో కప్పకుండా కనబడుతుండగానే కొట్టొచ్చు. దానికోసం ఇంకో 3. మొత్తం 5 మి.మీ. చెక్క ముట్టుకోకుండా, ఒక మి.మీ. మందం టేపు పొరలు ఐదు అంటించాం. మళ్లీ ఐదు తూటాలు: గుర్తుకి 4 సెం.మీ. పైన. లెక్కకి దగ్గరగా కూర్చుంది.

14వ రోజు: 36 మీటర్లు, లెక్కపెట్టడం

120 సెం.మీ. చదరపు కాగితాలు, ఒక్కో తూటాకి ఒక్కో కాగితం. తూటా 24 గ్రాములది, పెల్లెట్ 2.4 మి.మీ. అంతర్జాతీయ ట్రాప్ నియమాల్లో గరిష్ఠ సరుకు ఈ 24 గ్రాములే. ఒక తూటా విప్పి లెక్కపెడితే 302 పెల్లెట్లు. పేల్చాక, పెల్లెట్లు చిక్కగా పడిన చోటు చూసి దాని చుట్టూ 76 సెం.మీ. వలయం గీయాలి. గుర్తు చుట్టూ గియ్యకూడదు, అలా గీస్తే గురి తప్పూ చోక్ తప్పూ కలిసిపోతాయి.

కింది బ్యారెల్, 0.5 మి.మీ. ఇరుకు చోక్: 183, 176, 188, 179, 184. సగటు 182, అంటే 60 శాతం.
పై బ్యారెల్, 0.9 మి.మీ.: 214, 205, 219, 209, 213. సగటు 212, అంటే 70 శాతం.

చోక్ మీద రాసిన పేరుకీ కాగితం చెప్పేదానికీ ఈసారి పొంతన కుదిరింది. ప్రతిసారీ కుదరదు. తూటా రకం మారితే శాతం మారుతుంది, కాబట్టి పోటీలో వాడే తూటాతోనే ఈ లెక్క చెయ్యాలి.

శాతం బాగుంది, చోటు బాగాలేదు. కింది బ్యారెల్ నడిమిగా, 10 సెం.మీ. పైన పడింది. మూడింట రెండు వంతులు గుర్తుకి పైన, ట్రాప్‌కి కావాల్సింది అదే. పై బ్యారెల్ మాత్రం ఐదు కాగితాల్లోనూ 14 సెం.మీ. ఎడమకి.

15వ రోజు: ఎడమ ఎందుకు

రెండు బ్యారెళ్లూ ఒకేచోట కొట్టాలి. తేడా వస్తే మూడు అనుమానాలు: చోక్ వంకర, చోక్ కూర్చున్న తీరు వంకర, లేదా బ్యారెళ్ల అతుకే వంకర. మూడోది నిజమైతే విప్పి మళ్లీ అతకాలి, తుపాకీ ధరకి దగ్గరగా పోయే పని.

పై బ్యారెల్ చోక్ తీసి కిందికి, కిందిది పైకి మార్చి చెరో మూడు తూటాలు. తప్పు చోక్‌తోపాటు కిందికి వెళ్తే చోక్‌దే. వెళ్లలేదు, పై బ్యారెల్ ఎడమకే కొట్టింది. అంటే చోక్ బాగుంది. అతుకుని అనుమానించే ముందు చోక్ ఆనే అంచుని చూడాలి. సన్నని టార్చి వేసి చూస్తే, లోపలి మెట్టు మీద కుడివైపు పావు వలయం మేర నల్లటి గట్టు కనబడింది. నాలుగో రోజు మరలు తోమాం గానీ ఈ మెట్టు దాకా బ్రష్ అందలేదు. ఇత్తడి పుల్లతో గీస్తే గాజుపెంకులా చిట్లి ఊడింది. మందం 0.2 మి.మీ. చోక్ పొడవు 50 మి.మీ. అంత పొడవులో అంత వాలు 36 మీటర్లకి తీసుకెళ్తే 14 సెం.మీ.కి పైనే. కాగితం చెప్పిన అంకె అదే.

శుభ్రం చేసి మళ్లీ ఐదు: ఎడమకి 3 సెం.మీ. ఇది వదిలేయొచ్చు.

18వ రోజు నుంచి: క్లేలు

చెవులకీ కళ్లకీ రక్షణ లేకుండా ఎవరూ గీత దాటలేదు. 12 బోర్ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. తూటా పేలకపోతే బ్యారెళ్లు రేంజి వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తెరవాలి. చప్పుడు బలహీనంగా 'ఫట్'మంటే, తర్వాతి తూటా పెట్టేముందు బ్యారెల్‌ గుండా వెలుగు చూసి తీరాలి. లోపల వాడ్ మిగిలిపోయి ఉండొచ్చు.

25 క్లేల రౌండ్లు ఐదు: 14, 16, 15, 19, 20. పగలని క్లే ఏ కోణంలో పోయిందో కూడా రాసి ఉంచాం. మొదటి మూడు రౌండ్లలో తప్పినవాటిలో ఎక్కువ భాగం కుడికి పోయేవే, తూటా వెనక పడింది. కారణం తుపాకీ కాదు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఊపు ఆగిపోతోంది. 30 మీటర్ల దూరంలో సెకనుకు 20 మీటర్ల వేగంతో అడ్డంగా పోతున్న క్లేని తీసుకుంటే, సరుకు సగటున సెకనుకు 300 మీటర్లు పోతుంది. చేరడానికి సెకనులో పదోవంతు పడుతుంది, ఆలోగా క్లే రెండు మీటర్లు జరుగుతుంది. ట్రాప్‌లో కోణం ఇంత అడ్డంగా ఉండదు గానీ సూత్రం అదే. ఈ దూరాన్ని కంటితో కొలవబోతే చేతులు ఆగిపోతాయి. క్లే వెనకనుంచి వచ్చి, దాన్ని దాటుతూ నొక్కి, నొక్కాక కూడా ఊపు సాగనివ్వాలి. నాలుగో రౌండు నుంచి ఇదొక్కటే మార్చాం.

సూటిగా పోయేవి తప్పితే దాదాపు ప్రతిసారీ చెంప లేచిపోవడమే కారణం. పగిలిందా లేదా చూడాలనే ఆత్రంలో తల లేస్తుంది, కన్ను లేస్తే తూటా క్లే పైనుంచి పోతుంది.

22వ రోజు: మిగిలిన పని

టేపు పొరల బదులు ఎత్తు మార్చుకునే కోంబ్ కొయ్యడానికి స్టాక్ ఇచ్చాం, 5 మి.మీ. గుర్తు రాసి. ప్యాడ్ కింది కొన ఛాతీకి గుచ్చుకుంటోంది, పై భాగం భుజం మీంచి జారుతోంది. పిచ్ (ప్యాడ్ వాలు) సరిచెయ్యాలి, మడమ వైపు పల్చని ఆప్పు (వెడ్జ్) ముక్కతో మొదలుపెట్టి చూడాలి. ఇప్పటికి పేల్చిన తూటాలు 156. టాప్ లివర్ నిలిచే చోటు ఈరోజు ఫోటో తీసి ఉంచాం. వెయ్యి తూటాల తర్వాత ఫోర్ఎండ్ తీసి మళ్లీ ఊపి చూడాలి.